ఆపదకు ముందే అభ్యాసము - సూ సిటీ నేర్పిన పాఠము

ఒక్క రోగి వచ్చినప్పుడు వైద్యుడు తన జ్ఞానమంతయు ఆ ఒక్కనికొరకే వినియోగించును. వందమంది క్షతగాత్రులు ఒక్క గంటలో వచ్చినయెడల ఆ వైద్యుడు, ఆ మంచములు, ఆ రక్తనిధి ఏవియు చాలవు. ఎవరిని ముందు చూడవలెను? ఎవరు ఎక్కడ నిలువవలెను? ఎవరి మాట ఎవరు వినవలెను? ఈ ప్రశ్నలకు ఆ గడియలో జవాబులు వెదకుటకు వ్యవధి ఉండదు. అందుచేత వైద్య బృందములు ముందుగానే ఆపత్కాల అభ్యాసములు, అనగా మాక్ డ్రిల్లులు, జరుపుచున్నవి. వీటి చరిత్రను సంగ్రహముగా మన సంఘ సభ్యుల ఎదుట ఉంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

గాయపడినవారిని తరగతులుగా ఏర్పరచు పద్ధతి రణరంగమున పుట్టినది. నెపోలియను సేనలో శస్త్రవైద్యుడైన డొమినిక్ లారే (1766-1842) పోరాటము జరుగుచుండగానే క్షతగాత్రులను తెచ్చుటకు తేలికైన గుఱ్ఱపు బండ్లను ఏర్పాటు చేసెను. వీటిని "ఎగిరెడు అంబులెన్సులు" అనిరి. అంతకంటె గొప్ప సంగతి మరియొకటి కలదు. అధికారియా, సామాన్య సిపాయియా అని చూడక, గాయము యొక్క తీవ్రతను బట్టియే చికిత్స జరుగవలెనని ఆయన నియమము. హోదాను బట్టియే సమస్తము నడచిన ఆ కాలములో ఇది చిన్న మాట కాదు. ఏరుట అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి వచ్చిన "ట్రియాజ్" అను పేరు తరువాత ఈ పద్ధతికి స్థిరపడినది.

1983లో కాలిఫోర్నియాలోని న్యూపోర్ట్ బీచ్ పట్టణమున హోగ్ ఆసుపత్రివారును అగ్నిమాపక శాఖవారును కలిసి దీనిని సులభమైన సూత్రముగా కూర్చిరి. దాని పేరు "స్టార్ట్". నడువగలవారికి ఆకుపచ్చ చీటి. మిగిలినవారి శ్వాసను, రక్తప్రసరణను, చెప్పిన మాట గ్రహించు శక్తిని చూచి, వెంటనే చికిత్స కావలసినవారికి ఎఱ్ఱ చీటి, కొంత తాళగలవారికి పసుపు చీటి కట్టుదురు. శ్వాసమార్గమును సరిచేసినను ఊపిరి రానివారికి నల్ల చీటి. ఒక్కొక్కరివద్ద ఒక నిమిషమునకు మించి నిలువరాదు.

ఈ నల్ల చీటి కట్టుట ఎంత కఠినమైన పనియో ఆలోచింపుడు. ఒకనిని విడిచి ముందుకు సాగుటకు ఏ నర్సుకు మనస్సు వచ్చును? అయినను అక్కడనే నిలిచిపోయినచో, బ్రతుకగల మరి ఇద్దరు ఆ ప్రక్కనే మరణింతురు. ఇట్టి నిర్ణయమును మొట్టమొదటిసారి నిజమైన నెత్తురు ఎదుట చేయుమని ఎవరినైనను అడుగుట న్యాయము కాదు. అందుకే రోగుల వేషము వేసినవారితో, రంగు పూసిన గాయములతో, ముందుగా అభ్యసింపజేయుదురు.

ఇట్టి అభ్యాసము యొక్క ఫలము స్పష్టముగా కనబడిన చోటు అమెరికాలో అయోవా రాష్ట్రమందలి సూ సిటీ. 1987లో అక్కడి విమానాశ్రయమున ఒక పెద్ద జెట్ విమానము కూలినట్లు ఊహించి అభ్యాసము జరిపిరి. అంతటి విమానములు ఆ ఊరికి వచ్చునవి కావు. రానిదానికొరకు ఇంత శ్రమ ఎందుకని అడుగుట సులభమే. అయినను ఆ కౌంటీ ఆపత్కాల సేవల అధిపతి గ్యారీ బ్రౌన్, ఆయన తోటివారు పట్టు విడువక, చుట్టుపట్ల ఊళ్లవారినికూడ కలుపుకొని సిద్ధపడిరి.

1989 జూలై 19న డెన్వర్ నుండి చికాగో వెళ్లుచున్న యునైటెడ్ సంస్థ 232వ నంబరు విమానములో 296 మంది ఉండిరి. మధ్యాహ్నము 3 గంటల 16 నిమిషములకు తోకయందలి ఇంజను పగిలి, దాని ముక్కలు విమానమును అదుపుచేయు హైడ్రాలిక్ గొట్టములను తెగగొట్టినవి. కెప్టెన్ ఆల్ హేన్స్, ఆయన సహచరులు మిగిలిన రెండు ఇంజనుల వేగమును హెచ్చించుచు తగ్గించుచు సుమారు 44 నిమిషములు దానిని ఆకాశమున నిలిపి సూ సిటీకి తెచ్చిరి. 4 గంటలకు విమానము నేలను తాకి, ముక్కలై, మంటలు చెలరేగి, ప్రక్కనున్న మొక్కజొన్న చేనిలోనికి దొర్లిపోయెను.

అప్పటికే అగ్నిమాపక యంత్రములు, అంబులెన్సులు విమానాశ్రయమున వేచియున్నవి. ఆ దినమున అక్కడనే పనిలోనున్న 285 మంది నేషనల్ గార్డు సభ్యులు సహాయమునకు పరుగెత్తిరి. మేరియన్ ఆరోగ్య కేంద్రము, సెయింట్ లూక్స్ అను రెండు ఆసుపత్రులలోను అది బృందములు మారు వేళ. పగటివారు ఇండ్లకు పోక, సాయంకాలమువారితో కలిసి నిలిచిరి. 184 మంది బ్రతికిరి. 112 మంది మరణించిరి.

అభ్యాసమే అందరిని రక్షించినదని చెప్పినచో అది అసత్యమగును. తాకిడిలోను పొగలోను ప్రాణములు పోయినవారిని ఏ అభ్యాసమును రక్షింపజాలదు. 2019లో మరణించిన హేన్స్, తన ఉపన్యాసములలో ఐదు కారణములు చెప్పెడివాడు: అదృష్టము, సమాచార సంబంధములు, సిద్ధపాటు, నిర్వహణ, సహకారము. పగటి వెలుగు, బృందములు మారు వేళ, సమీపముననే సైనికులు - ఇవన్నియు ఎవరి ప్రయత్నమువలనను కలిగినవి కావు. కాని తమ స్థానమేదో ఎరుగని రెండు బృందములు ఒక్కచోట చేరినచో అది గుంపు అగునేగాని సహాయము కానేరదు. దొరికిన చేతులను పనిచేయు చేతులుగా మార్చినది ఆ సిద్ధపాటే.

ఇది దూరదేశపు సంగతి అని మనము అనుకొనరాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో పదివేలమందికి పైగా మరణించిరి. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నము వద్ద ఆర్.ఆర్. వెంకటాపురమున స్టైరీన్ ఆవిరి వెలువడగా, వందలమంది ఒక్క ఉదయముననే ఆసుపత్రులలో చేరిరి. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చినది. 2007లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ వైద్య సంసిద్ధతను గూర్చి మార్గదర్శక సూత్రములను ప్రకటించినది. చట్టములు కాగితముమీదనున్నవి, అభ్యాసము మాత్రము మనుష్యులే చేయవలెను.

ప్రియ పాఠకులారా, మీ ఊరి ఆసుపత్రిలో మాక్ డ్రిల్లు జరిగిన దినమున వైద్యుడు ఆలస్యముగా చూచెనని విసుగుకొనకుడు. మన యౌవనస్థులు రోగుల వేషము వేయుటకు ముందుకు రావలెను. ప్రతి కుటుంబము తమ రక్తపు గ్రూపులను ఎరిగియుండవలెను. జరిపించు పెద్దలకు ఒక మనవి: ఏ లోపమును బయటపడని అభ్యాసము ఉత్సవమేగాని అభ్యాసము కాదు. తెరువబడని తలుపు, పలుకని టెలిఫోను, కనబడని తాళపుచెవి ఆ దినముననే బయటపడవలెను. అప్పుడు వాటిని సరిచేసికొనుటకు మనకు సమయముండును.