చదువుకోడానికో చోటు: పరేల్ గది నుంచి రాజగృహ దాకా

ఇంట్లో పని చేసుకోడానికి గది ఎలా సర్దుకోవాలి, బల్ల ఏ కిటికీ పక్కన వేయాలి, కుర్చీ ఎంత ఎత్తుండాలి అని చెప్పే వీడియోలు ఈమధ్య తెగ వస్తున్నాయి. ఆ సలహాలన్నీ ఇంట్లో ఒక గది ఖాళీగా ఉందనుకుని మొదలవుతాయి. మా క్లాసుల్లో కూర్చునే పిల్లల్లో చాలామందికి ఇల్లంటేనే ఒక గది. అందుకని ఈ వారం బాబాసాహెబ్ ఎక్కడ కూర్చుని చదివారో మాట్లాడుకుందాం. ఏం చదివారో, ఏం రాశారో చాలాసార్లు చెప్పుకున్నాం. ఎక్కడ అన్నది కూడా కులం చరిత్రే మిత్రులారా.

సుబేదారుగా రిటైరైన రాంజీ కుటుంబంతో బొంబాయి వచ్చి, మిల్లు కార్మికులుండే పరేల్‌లో ఒక చాల్‌లో దిగాడు. ఒకటే గది. వంటా పడకా అందులోనే. వంటచెరకు, తిరగలి, ఒక మేక కూడా అందులోనే. గదిని విడదీయడానికి వీల్లేక తండ్రీకొడుకులు రాత్రిని విడదీసుకున్నారు. కొడుకు పెందలాడే పడుకునేవాడు. తండ్రి రెండింటిదాకా మేలుకుని ఉండి, కొడుకును లేపి, ఆ చోట తాను నడుం వాల్చేవాడు. చిమ్నీ లేని కిరోసిన్ దీపం ముందు తెల్లారేదాకా చదువు. పుస్తకం కొనాలంటే రాంజీ పెళ్లైన కూతుళ్ల దగ్గరికి వెళ్లి అప్పడిగేవాడు. డబ్బు లేకపోతే వాళ్ల నగ తెచ్చి తాకట్టు పెట్టేవాడు. 1907లో భీమ్‌రావ్ మెట్రిక్ పాసయ్యాడంటే దాని వెనక ఇంతమంది నిద్ర, ఇంతమంది నగలు ఉన్నాయి.

గది చాలని పిల్లవాడికి చర్నీ రోడ్ తోట రెండో గది అయింది. అక్కడ కూర్చుని చదువుకుంటుంటేనే కేలూస్కర్ అనే హెడ్మాస్టర్ కంట పడ్డాడు. తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను ఆ కుర్రాడికి కానుకగా ఇచ్చిందీ, తర్వాత బరోడా మహారాజు సాయం అందేలా చూసిందీ ఆయనే.

ఇంకో తోట సంగతి కూడా ఉంది. కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్లారు. హిందూ హోటళ్లలో చోటు దొరకదని తెలుసు. పార్శీ సత్రంలో పార్శీ పేరు రాయించుకుని దిగారు. మనుషులెవరూ ఉండని పై అంతస్తు, పనికిరాని సామాను నిండిన హాలు, రాత్రికి ఒక లాంతరు. ఆ ఒంటరితనం మర్చిపోడానికి చదువుతూనే ఉన్నానని తర్వాత ఆయనే రాసుకున్నారు. పదకొండో రోజు డజనుమంది పార్శీలు కర్రలు పట్టుకొచ్చి ఖాళీ చేయమన్నారు. ఊళ్లో ఇంకెవరూ చోటివ్వకపోతే కామాఠీ బాగ్‌లో కూర్చుని, రాత్రి రైలెక్కి బొంబాయి వచ్చేశారు.

డిగ్రీలున్నాయి, ఉద్యోగముంది. పుస్తకం పెట్టుకోడానికి నాలుగడుగుల నేల లేదు. చదువుకుంటే కులం దానంతటదే పోతుందనే వాళ్లకు ఆ పదకొండు రోజుల గురించి చెప్పాలి. అద్దె ఇంటికి వెళ్తే ఇంటిపేరేంటి, ఊళ్లో మీ ఇల్లెటువైపు అని ఆరా తీసే ఓనర్లు హైదరాబాద్‌లో, విజయవాడలో మనకేం కొత్త కాదు.

1920లో మళ్లీ లండన్ వెళ్లారు. బ్రిటిష్ మ్యూజియం లైబ్రరీలో దొరికింది కులం అడగని బల్ల. రూపాయి సమస్య మీద ఆయన పుస్తకం 1923లో అచ్చయింది. అయితే ఆ బల్ల అద్దె పరేల్‌లో రమాబాయి కట్టింది. చాలీచాలని డబ్బుతో ఇల్లు నెట్టుకొచ్చింది. వాళ్లకు పుట్టిన ఐదుగురిలో నలుగురు పసితనంలోనే పోయారు. ఆ లెక్క రాయకుండా బాబాసాహెబ్ చదువు చరిత్ర రాస్తే సగమే రాసినట్టు.

1930ల మొదట్లో దాదర్ హిందూ కాలనీలో రాజగృహ కట్టించారు. మగధ రాజధాని పేరు పెట్టుకున్న ఆ ఇల్లు ప్రధానంగా పుస్తకాల కోసం కట్టిన ఇల్లు. ఊరు తాకనివ్వని మనిషి ఊరి నడుమ గ్రంథాలయం కట్టుకుని అందులో కాపురమున్నాడు. రమాబాయి ఆ ఇంట్లో ఎంతోకాలం ఉండలేదు, 1935 మే 27న పోయింది. 1936లో లాహోర్ సభ రద్దయినప్పుడు, చదవనివ్వని ఆ ఉపన్యాసాన్ని సొంత ఖర్చుతో 1,500 కాపీలు అచ్చువేయించారు. అదే కులనిర్మూలన.

సొంత గది దొరికాక తలుపేసుకుని కూర్చోలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ, 1950లో ఔరంగాబాద్‌లో తర్వాత మిళింద్ పేరుతో నిలిచిన కాలేజీ. అప్పటికి ఔరంగాబాద్ మన హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. తనకు దొరకని బల్లను వందలమందికి వేశారు.

ఇక మన సంగతి. మన వాడల్లో అంబేద్కర్ భవనాలు, కమ్యూనిటీ హాళ్లు చాలాచోట్ల ఉన్నాయి. ఏప్రిల్ 14న, డిసెంబర్ 6న తెరిచి, మిగతా రోజులు తాళమేసి ఉంచే భవనాలు మీకూ తెలుసు. ఆ తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారం కనుక్కోండి. సాయంత్రం ఆరు నుంచి పది దాకా తెరిపించండి. నాలుగు బల్లలు, రెండు ట్యూబ్‌లైట్లు, తాగడానికి నీళ్లు చాలు. కరెంటు బిల్లు చందాలేసుకుని కడదాం. ఆడపిల్లలకు తోడుండి ఇంటిదాకా దిగబెట్టే బాధ్యత కూడా మాట్లాడుకోవాలి. లేకపోతే ఆ హాలు మళ్లీ మగపిల్లల హాలే అవుతుంది.

ఇంట్లోనూ అంతే. ఒకటే మూల ఉంటే అది అబ్బాయిదని ముందే రాసిపెట్టకండి. అక్క అంట్లు తోముతుంటే తమ్ముడు చదువుకునే ఇంట్లో ఇంకో రమాబాయి తయారవుతోందని గుర్తు. ఈ రాత్రి అంట్లు తమ్ముడు తోమాలి.

జై భీమ్.