కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో స్థానిక పాలన, ప్రజాసేవలు

ఊరికి మంచినీళ్లు, వీధిదీపాలు, మురికి కాలువ, బడి, బాట, శ్మశానం సమకూర్చే బాధ్యత కరీంనగర్, ఆదిలాబాద్ ఉమ్మడి జిల్లాల్లో గత వందేళ్లలో పలుమార్లు చేతులు మారింది. నిజాం కాలంలో వంశపారంపర్య గ్రామాధికారులు, 1959 తర్వాత పంచాయతీ సమితులు, 1987 నుంచి మండల పరిషత్తులు, 2018 తర్వాత నేరుగా గ్రామ పంచాయతీలు ఈ పనుల్లో ముందు నిలిచాయి. గోండు గూడేల పాలన, సింగరేణి పట్టణాల సేవలు, సిరిసిల్లలో సహకార విద్యుత్తు, ముల్కనూరులో సహకార పరపతి ఈ ప్రాంత చరిత్రను మిగతా తెలంగాణ చరిత్ర నుంచి వేరు చేస్తాయి.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగింది. పాత కరీంనగర్ నుంచి కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల జిల్లాలు ఏర్పడ్డాయి. కొన్ని మండలాలు పొరుగు జిల్లాల్లో కలిశాయి. పాత ఆదిలాబాద్ నుంచి ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలు వచ్చాయి.

పటేల్, పట్వారీల కాలం

మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ అమలు చేయడంతో హైదరాబాద్ రాజ్యంలో తాలూక్‌దార్లు, తహసీల్‌దార్లతో కూడిన పాలన ఏర్పడింది. కరీంనగర్ ప్రాంతం అప్పట్లో ఎలగందుల జిల్లా. ఆదిలాబాద్ ప్రాంతం సిర్పూర్-తాండూర్ పేరుతో ఉండేది. 1905 పునర్వ్యవస్థీకరణతో ఈ రెండూ ఇప్పటి పేర్లతో జిల్లాలయ్యాయి.

ఊళ్లో అధికారం మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారీలది. శిస్తు వసూలు మాలీ పటేల్ పని, శాంతిభద్రతలు పోలీస్ పటేల్ పని. పహాణీ, లెక్కలు పట్వారీ దగ్గర ఉండేవి. వారికింద సుంకరి, కావలికారు పనిచేసేవారు. ఊరి ఉమ్మడి పనుల్లో చాలావరకు వెట్టి మీదే నడిచేవి. కొలువులు వంశపారంపర్యం కావడంతో ఊరివాళ్లు తమ అధికారిని మార్చుకునే దారి లేదు. ఈ వ్యవస్థ పోలీస్ చర్య తర్వాత కూడా మూడున్నర దశాబ్దాలు నిలిచింది. 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో దాన్ని రద్దు చేసింది.

గోండు గూడేల పాలన

ఆదిలాబాద్ కొండల్లో అప్పటికే వేరే పాలన ఉండేది. గూడేనికి పట్ల పెద్ద. పూజా కార్యాలు దేవారి అనే పూజారివి. కొన్ని గూడేలకు కలిపి మొకాషి ఉండేవాడు. పెళ్లిళ్లు, పంపకాలు, తగాదాలు పెద్దల కూటమిలో తేలేవి. నేటి రాయి సెంటర్లు, వాటికి నాయకత్వం వహించే సార్మెడీలు ఆ సంప్రదాయానికి కొనసాగింపు.

అడవిని రిజర్వు చేయడం, బయటివారి పేర పట్టాలు కావడంతో గోండుల సాగుభూములు చేజారాయి. కుమురం భీం తిరుగుబాటు, 1940లో జోడేఘాట్‌లో అతని మరణం తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్‌ను పరిస్థితి అధ్యయనానికి నియమించింది. ఆయన మార్లవాయిలో నివసించి పనిచేశారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారయ్యాయి. 1946లో గిరిజన ప్రాంతాల నిబంధనావళి వచ్చింది. సేతుమాధవరావు వంటి అధికారులు పట్టాల పంపిణీని ముందుకు తీసుకెళ్లారు. భూమి, చదువు కలిపి గూడేనికి అందించిన తొలి ప్రయత్నం ఇది. అయితే ఇది ఎన్నికైన సంస్థ ద్వారా కాక ప్రత్యేకాధికారుల ద్వారా జరిగింది. తర్వాత ఉట్నూరులో ఏర్పడిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీఏ, కూడా ఆ బాటలోనే నడిచింది.

సమితుల కాలం: 1959–1986

బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో మూడంచెల వ్యవస్థను సిఫారసు చేసింది. రాజస్థాన్ తర్వాత దాన్ని చేపట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. 1959 నవంబరు 1న ఇక్కడ పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తుల చట్టం అమల్లోకి వచ్చింది. తెలంగాణలో 1956 హైదరాబాద్ గ్రామ పంచాయతీల చట్టం, ఆంధ్ర ప్రాంతంలో 1950 మద్రాసు చట్టం వేర్వేరుగా సాగుతుండగా, 1964 గ్రామ పంచాయతీల చట్టం రెండింటి స్థానంలో వచ్చింది.

సమితి ప్రెసిడెంట్ ఆనాటి గ్రామీణ రాజకీయాల్లో బలమైన పదవి. ప్రాథమిక పాఠశాలలు, టీచర్ల బదిలీలు, బావుల తవ్వకం, చిన్న రోడ్లు సమితి చేతిలో ఉండేవి. బీడీఓ, గ్రామసేవకులు దాని సిబ్బంది. ఉన్నత పాఠశాలలు జిల్లా పరిషత్తువి. నేటికీ ఊరూరా కనిపించే 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' బోర్డు ఆ కాలపు గుర్తు. బడి పరిషత్తు పేరు మీద ఉన్నా, టీచర్ల జీతాలు, నియామకాలు క్రమంగా రాష్ట్ర ప్రభుత్వం కిందికి వెళ్లాయి.

పంచాయతీకి వెలుపల సేవలు

ఈ ప్రాంతంలో కొన్ని ముఖ్యసేవలను సహకార సంఘాలు, బొగ్గు సంస్థ నిర్వహించాయి.

భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో అలిగిరెడ్డి కాశీవిశ్వనాథరెడ్డి నాయకత్వంలో సహకార గ్రామీణ పరపతి సంఘం మొదలైంది. రైతుకు అప్పు, విత్తనం, ఎరువు ఇవ్వడంతోపాటు పంట కొనడం కూడా సంఘమే చేసేది. పంట డబ్బు సంఘం ద్వారానే రావడంతో అప్పు వసూలు తేలికైంది. సంఘం నిలదొక్కుకోవడానికి ఈ ఏర్పాటు ప్రధాన కారణం. 2000లో ఇక్కడే స్వకృషి పేరుతో మహిళల సహకార డెయిరీ ఆరంభమైంది. నాడు కరీంనగర్ జిల్లాలో ఉన్న ముల్కనూరు నేడు హనుమకొండ జిల్లాలో ఉంది.

సిరిసిల్లలోని సహకార విద్యుత్ సరఫరా సంఘాన్ని జనం 'సెస్' అంటారు. అమెరికా పల్లెలకు కరెంటు తెచ్చిన సహకార సంఘాల నమూనాను భారతదేశంలో పరీక్షించేందుకు గ్రామీణ విద్యుదీకరణ సంస్థ దేశంలో అయిదు చోట్లను ఎంచుకుంది. వాటిలో ఒకటి సిరిసిల్ల. 1970లో మొదలైన సెస్, విద్యుత్తును టోకున కొని ఇళ్లకు, బావుల మోటార్లకు, మరమగ్గాలకు సరఫరా చేస్తుంది. వినియోగదారులే సభ్యులు, పాలకవర్గాన్ని ఎన్నుకునేదీ వారే. సెస్ ఎన్నికలు ఆచరణలో పార్టీల పోటీగా మారాయి. 2022 డిసెంబరులో జరిగిన డైరెక్టర్ల ఎన్నిక సాధారణ ఎన్నికలను తలపించింది.

బెల్లంపల్లి, మందమర్రి, మంచిర్యాల, గోదావరిఖని వంటి బొగ్గు పట్టణాల్లో సింగరేణి కాలనీలకు నీళ్లు, కరెంటు, ఆసుపత్రి సంస్థే సమకూర్చింది. కాలనీ గోడ దాటితే బస్తీల బాధ్యత మున్సిపాలిటీది. ఒకే పట్టణంలో రెండు స్థాయిల సేవలుండటం అక్కడి వార్డు రాజకీయాలకు నిత్యం ముడిసరుకైంది. రామగుండం 2009లో, మంచిర్యాల 2025లో నగరపాలక సంస్థలయ్యాయి. కరీంనగర్‌కు 2005లోనే ఆ హోదా దక్కింది. 2017లో అది స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది.

మండలాల రాక, తుపాకి నీడ

1985–87 మధ్య సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. రాష్ట్రంలో 330 సమితులు పోయి దాదాపు 1,100 మండలాలు ఏర్పడ్డాయి. పాలన ఊరికి దగ్గరైంది. వెనుకబడిన తరగతులకు రిజర్వేషన్ దక్కింది. 1987లో మండలాధ్యక్షులను, జిల్లా పరిషత్ అధ్యక్షులను జనం నేరుగా ఎన్నుకున్నారు. పటేల్, పట్వారీ కుటుంబాలకు బయటి కొత్త తరం నాయకత్వం ఈ ఎన్నికల్లో ముందుకు వచ్చింది.

అప్పటికే ఈ జిల్లాలు నక్సలైట్ ఉద్యమానికి కేంద్రంగా ఉన్నాయి. 1978 సెప్టెంబరులో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి, భూమి, కూలి రేట్ల సమస్యలు స్థానిక సంస్థల్లో పరిష్కారం కాక రైతుకూలీ సంఘాల దగ్గరికి వెళ్లాయి. రెండు వైపులా ఒత్తిడి పడింది స్థానిక నాయకుల మీద. 1987లో తాడిచర్ల మండలాధ్యక్షుడు మలహర్‌రావును నక్సలైట్ సంస్థ పీపుల్స్‌వార్ అపహరించి చంపింది. ఆ మండలానికి తర్వాత ఆయన పేరే పెట్టారు. మంథని నుంచి శాసనసభకు వెళ్లి స్పీకర్‌గా పనిచేసిన దుద్దిళ్ల శ్రీపాదరావు 1999 ఏప్రిల్ 13న హత్యకు గురయ్యారు. ఎన్నికల బహిష్కరణ పిలుపులు, బెదిరింపులు, రాజీనామాలతో లోతట్టు మండలాల్లో పదవులు పేరుకే మిగిలిన కాలం అది.

73వ సవరణ తర్వాత

రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది. దానికి అనుగుణంగా 1994 పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. 1995లో కొత్త పద్ధతిలో ఎన్నికలు జరిగాయి. అయిదేళ్ల గడువు, ప్రత్యేక ఎన్నికల సంఘం, మహిళలకు మూడో వంతు స్థానాలు దీని ఫలితాలు. మహిళల వాటా తర్వాత సగానికి పెరిగింది. మండల, జిల్లా అధ్యక్షులను మళ్లీ సభ్యులే ఎన్నుకునే పద్ధతి వచ్చింది. దాంతో క్యాంపు రాజకీయాలకు తావు ఏర్పడింది.

చట్టం 29 అంశాలను స్థానిక సంస్థలకు అప్పగించే వీలు కల్పించినా, శాఖల సిబ్బంది, నిధులు చాలావరకు రాష్ట్రం చేతిలోనే ఉండిపోయాయి. సాగునీటికి 1997 చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు వచ్చాయి. శ్రీరాంసాగర్ కాలువల కింద రైతులు తమ అధ్యక్షులను ఎన్నుకున్నారు. పంచాయతీకి సమాంతరంగా మరో ఎన్నికైన సంస్థ నిలిచింది. 14వ ఆర్థిక సంఘం 2015 నుంచి గ్రాంట్లను గ్రామ పంచాయతీలకే పరిమితం చేయడంతో ఎంపీటీసీ, జడ్పీటీసీ సభ్యులకు చేయడానికి పని, ఖర్చు చేయడానికి పైసా లేని స్థితి ఏర్పడింది. 15వ ఆర్థిక సంఘం మళ్లీ మండల, జిల్లా పరిషత్తులకు వాటా ఇచ్చింది.

ఏజెన్సీలో పెసా

1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో గ్రామసభకు ప్రత్యేకాధికారాలిచ్చింది. భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించాలి. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై హక్కు దానిదే. రాష్ట్రం 1998లో చట్టాన్ని సవరించినా నిబంధనలు 2011లో గాని రాలేదు. గోండీలో 'మావ నాటె మావ రాజ్', అంటే 'మా ఊళ్లో మా రాజ్యం' అనే నినాదం ఉట్నూరు, ఆసిఫాబాద్ ఏజెన్సీలో గ్రామసభకే అధికారం ఉండాలన్న కోరికను పలికింది.

ఏజెన్సీలో సర్పంచ్ పదవులు గిరిజనులకే రిజర్వు. గిరిజన ఓటర్లు లేకున్నా షెడ్యూల్డ్ జాబితాలో ఉన్న మంచిర్యాల ప్రాంతపు కొన్ని ఊళ్లలో ఎన్నికలే జరగని పరిస్థితి ఉంది. అక్కడ ప్రత్యేకాధికారులే పాలన చూస్తున్నారు.

2018 చట్టం, పల్లె ప్రగతి

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. తండాలు, గూడేలు ప్రత్యేక పంచాయతీలు కావడంతో రాష్ట్రంలో పంచాయతీల సంఖ్య 12,751కి చేరింది. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఈ మార్పు బాగా కనిపించింది. పెద్ద ఊరి సర్పంచ్ ఇంటికి నడిచి వెళ్లాల్సిన గూడేనికి సొంత కార్యాలయం, సొంత సర్పంచ్ దక్కారు. 2019 జనవరిలో మూడు విడతల్లో ఎన్నికలు జరిగాయి.

ఈ చట్టం బాధ్యతలతోపాటు నిఘానూ పెంచింది. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న నిబంధన, సర్పంచ్‌ను సస్పెండ్ చేసే అధికారం కలెక్టర్‌కు ఇవ్వడం, సర్పంచ్, ఉపసర్పంచ్ ఇద్దరికీ కలిపి చెక్ పవర్ ఇవ్వడం వివాదాస్పదమయ్యాయి. 2019 సెప్టెంబరులో మొదలైన ముప్పై రోజుల ప్రణాళిక పల్లె ప్రగతిగా కొనసాగింది. ట్రాక్టర్, వైకుంఠధామం, డంపింగ్ యార్డు, పల్లె ప్రకృతి వనం ఊరూరా వెలిశాయి. అదే ఏడాది స్వచ్ఛ సర్వేక్షణ్ గ్రామీణ్‌లో పెద్దపల్లి దేశంలోనే మొదటి జిల్లాగా నిలిచింది. అయితే పనులు ముందు చేయించి బిల్లులకు ఎదురుచూసిన సర్పంచ్‌లు చాలామంది అప్పుల్లో పడ్డారు. బకాయిల కోసం ఆందోళనలు జరిగాయి.

సొంత ఆదాయం ఉన్న పంచాయతీ ఎంత చేయగలదో ఆదిలాబాద్ జిల్లా ఇచ్చోడ మండలంలోని ముఖ్రా కె చూపింది. గాడ్గె మీనాక్షి సర్పంచ్‌గా ఉన్న కాలంలో ఇళ్ల తడిచెత్తను వర్మీకంపోస్టుగా మార్చి అమ్మారు. ఆ డబ్బును సౌరవిద్యుత్తు వంటి ఊరి పనులకు వాడారు. గ్రాంటు కోసం ఎదురుచూడని ఈ చిన్న ఊరు జాతీయ స్థాయిలో గుర్తింపు పొందింది. ఇంటి పన్ను, నల్లా పన్ను మీదే ఆధారపడే మిగతా చిన్న పంచాయతీలకు జీతాలు, కరెంటు బిల్లులు కట్టాక మిగిలేది స్వల్పం.

నాయకత్వం

స్థానిక పదవులు ఇక్కడ పెద్ద రాజకీయాలకు మెట్లయ్యాయి. కరీంనగర్ కార్పొరేటర్లుగా ఉన్న గంగుల కమలాకర్ రాష్ట్ర మంత్రి, బండి సంజయ్ కుమార్ కేంద్ర సహాయ మంత్రి అయ్యారు. ఎదురు దారి కూడా ఉంది. ఆసిఫాబాద్ ఎమ్మెల్యేగా ఉన్న కోవ లక్ష్మి 2018లో స్వల్ప తేడాతో ఓడి, 2019లో కొత్త జిల్లా పరిషత్ అధ్యక్షురాలై, 2023లో మళ్లీ శాసనసభకు ఎన్నికయ్యారు.

ప్రస్తుత స్థితి

2019లో ఎన్నికైన పంచాయతీల గడువు 2024 ఫిబ్రవరి మొదట్లో, మండల, జిల్లా పరిషత్తుల గడువు అదే ఏడాది జూలైలో ముగిసింది. వెనుకబడిన తరగతుల రిజర్వేషన్ల శాతంపై వివాదం కోర్టుకెక్కడంతో పంచాయతీ ఎన్నికలు 2025 డిసెంబరులో మూడు విడతలుగా జరిగాయి. మధ్యలో దాదాపు రెండేళ్లు ఊళ్లు ప్రత్యేకాధికారుల కింద ఉన్నాయి. ఎన్నికైన పాలకవర్గం లేని కాలానికి ఆర్థిక సంఘం గ్రాంట్లు ఆగిపోవడంతో పారిశుద్ధ్య కార్మికుల జీతాలకు, ట్రాక్టర్ డీజిల్‌కు కూడా పంచాయతీలు వెతుక్కోవాల్సి వచ్చింది.