హాస్యం, భయం, ప్రేక్షకుడు: ‘జెన్నిఫర్స్ బాడీ’ (2009) చిత్ర స్వీకరణ చరిత్ర

వ్యాససంగ్రహం:
2009లో విడుదలైన ‘జెన్నిఫర్స్ బాడీ’ కౌమార జీవితాన్ని ఇతివృత్తంగా గ్రహించిన అమెరికన్ హారర్ కామెడీ. విడుదలైనప్పుడు నిరాదరణకు గురైన ఈ చిత్రానికి సుమారు ఒక దశాబ్దం తరువాత మరొక తరం ప్రేక్షకుల నుండి ఆదరణ లభించింది. ఈ రెండు స్పందనల మధ్య గల అంతరానికి ప్రచారం, వయస్సు, స్త్రీపురుషుల దృష్టిభేదం ఏ మేరకు కారణాలో పరిశీలించడం, అలంకారశాస్త్రంలోని రసవిరోధ చర్చ ఈ పరిశీలనకు ఎంతవరకు ఉపకరిస్తుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హారర్ కామెడీ, రసవిరోధం, ఆశ్రయభేదం, స్వీకరణ, ప్రచారం, స్త్రీవాద పునఃపఠనం.

1. ఉపోద్ఘాతం:

భరతుడు నాట్యశాస్త్రం ఆరవ అధ్యాయంలో హాస్యం శృంగారం నుండి, భయానకం బీభత్సం నుండి పుడతాయన్నాడు. పుట్టుకలోనే ఈ రెండింటి దారులు వేరు. పద్నాలుగవ శతాబ్దానికి చెందిన విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో మరొక అడుగు ముందుకు వేసి, హాస్యానికి భయానక కరుణ రసాలతో విరోధం ఉందని స్పష్టంగా చెప్పాడు. ఈ సూత్రాన్ని యథాతథంగా అంగీకరిస్తే హారర్ కామెడీ అనే ప్రక్రియే ఉండకూడదు. కాని 1948లో అబ్బాట్, కాస్టెల్లో అనే హాస్యజంట ఫ్రాంకెన్‌స్టైన్ భూతాన్ని కలుసుకున్న నాటి నుండి అమెరికన్ సినిమాలో ఈ ప్రక్రియ నిలిచే ఉంది. ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’ (1981), ‘ఈవిల్ డెడ్ 2’ (1987), ‘స్క్రీమ్’ (1996) దానిని వేర్వేరు దారుల్లో నడిపించాయి. తెలుగులోనూ ‘ప్రేమకథాచిత్రమ్’ (2013) విజయం తరువాత దయ్యాన్ని చూపి నవ్వించే చిత్రాలు వరుసకట్టాయి.

విశ్వనాథుని సూత్రం దీనితో పూర్తిగా వీగిపోయిందని చెప్పలేం. ఈ రసాలు కలిసిన ప్రతిచోటా ప్రేక్షకలోకం చీలిపోయే అవకాశం ఉంది. నవ్వవలసిన చోట కొందరు భయపడతారు, భయపడవలసిన చోట కొందరు నవ్వుతారు, ఇంకొందరు ఇది ఏ రకం చిత్రమని విసుక్కుంటారు. ‘జెన్నిఫర్స్ బాడీ’ చరిత్రలో ఈ చీలిక అసాధారణమైన స్పష్టతతో కనిపిస్తుంది.

2. చిత్ర నేపథ్యం:

ఈ చిత్ర రచయిత్రి డయాబ్లో కోడీ. ‘జూనో’ (2007) చిత్రానికి ఉత్తమ మౌలిక స్క్రీన్‌ప్లే రచనకు ఆమె ఆస్కార్ అందుకున్నారు. దర్శకురాలు కెరిన్ కుసామా ‘గర్ల్‌ఫైట్’ (2000)లో బాక్సింగ్ నేర్చుకునే అమ్మాయి కథ చెప్పి సన్‌డాన్స్ ఉత్సవంలో పురస్కారం పొందారు. రచన, దర్శకత్వం రెండూ స్త్రీలవే అయిన హారర్ చిత్రాన్ని ఒక పెద్ద స్టూడియో విడుదల చేయడం అప్పటికి అరుదు. శీర్షికను హోల్ అనే రాక్ బృందం 1994 నాటి ఆల్బమ్‌లోని ఒక పాట నుండి గ్రహించారు. స్త్రీ గళం, స్త్రీ ఆగ్రహం ఆ బృందానికి గుర్తింపు తెచ్చిన లక్షణాలు కాబట్టి, ఆ పేరు తెలిసినవారికి చిత్రం ఎవరి పక్షాన మాట్లాడబోతుందో ముందే కొంత సూచన అందుతుంది. తెలియనివారికి మాత్రం అది ఒక అందగత్తె దేహాన్ని చూపబోయే చిత్రం పేరుగానే వినిపిస్తుంది. చీలిక శీర్షిక దగ్గరే మొదలైందన్నమాట.

కథ మినెసోటా రాష్ట్రంలోని డెవిల్స్ కెటిల్ అనే కల్పిత పట్టణంలో జరుగుతుంది. ఆ పేరుగల జలపాతం ఆ రాష్ట్రంలో నిజంగానే ఉంది. జెన్నిఫర్ (మేగన్ ఫాక్స్), నీడీ (అమాండా సైఫ్రిడ్) చిన్ననాటి స్నేహితురాళ్ళు. పట్టణంలోని మద్యశాలలో పాడడానికి వచ్చిన లో షోల్డర్ అనే సంగీత బృందం, అక్కడ అగ్నిప్రమాదం జరిగిన రాత్రి జెన్నిఫర్‌ను వ్యానులో ఎక్కించుకొని పోయి, తమకు కీర్తి దక్కాలని సైతానుకు బలి ఇస్తుంది. బలికి కన్య కావాలి. జెన్నిఫర్ కన్య కాదు. అందువల్ల ఆమె చావక, యువకులను తిని బ్రతికే పిశాచిగా తిరిగివస్తుంది. బృందానికి మాత్రం కోరిన కీర్తి దక్కుతుంది. ప్రమాదంలో చనిపోయినవారికి నివాళిగా వారి పాట దేశమంతటా మారుమోగుతుంది.

3. 2009 నాటి ఆదరణ:

2009 సెప్టెంబరులో టొరంటో చలనచిత్రోత్సవం అర్ధరాత్రి ప్రదర్శనల విభాగంలో తొలిసారి ప్రదర్శితమైన ఈ చిత్రం అదే నెల 18న అమెరికాలో విడుదలైంది. తొలి వారాంతంలో సుమారు 69 లక్షల డాలర్లు వసూలు చేసి అయిదవ స్థానంలో నిలిచింది. నిర్మాణవ్యయం 1.6 కోట్ల డాలర్లు కాగా, స్వదేశంలో మొత్తం వసూళ్ళు కూడా దాదాపు అంతే. ప్రపంచవ్యాప్తంగా మూడు కోట్ల పైచిలుకు వచ్చింది. తొలిరోజు ప్రేక్షకుల అభిప్రాయాన్ని సేకరించే సినిమాస్కోర్ సంస్థ సర్వేలో ‘సి మైనస్’ శ్రేణి లభించింది. హారర్ చిత్రాలకు ఈ సర్వేలో తక్కువ శ్రేణులు రావడం పరిపాటే కనుక ఈ ఒక్క అంకెకు అతిగా విలువ కట్టనక్కరలేదు. విమర్శకులూ ఏకాభిప్రాయంతో లేరు. షికాగో సన్-టైమ్స్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ నాలుగింట మూడు నక్షత్రాలు ఇవ్వగా, ఎక్కువమంది సమీక్షకులు ఇది తగినంత భయపెట్టదు, తగినంత నవ్వించదు అన్న ధోరణిలో తీర్పు చెప్పారు.

ఈ ‘తగినంత’ అనే మాట దగ్గర ఆగవలసి ఉంది. ఏ కొలతకు తగినంత? అదే సంవత్సరం అక్టోబరు 2న విడుదలైన ‘జాంబీలాండ్’ కూడా హారర్ కామెడీయే. అది ఒక్క అమెరికాలోనే ఏడున్నర కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. హారర్ కామెడీ పట్ల ప్రేక్షకులకు విముఖత ఉందనే వివరణ దీనితో నిలవదు. ‘జాంబీలాండ్’లో నరికివేతకు గురయ్యేవారు అప్పటికే చచ్చినవారు. వారి చావుపై కరుణ పుట్టే అవకాశం అతి తక్కువ కనుక హాస్యానికి అడ్డు లేదు. జెన్నిఫర్ కథలో చనిపోయేది పేర్లూ, తల్లిదండ్రులూ, సిగ్గూ, ఆశలూ ఉన్న పిల్లలు.

రెండవ కారణం ప్రచారం. ‘ట్రాన్స్‌ఫార్మర్స్’ చిత్రాల ద్వారా మేగన్ ఫాక్స్‌కు ఏర్పడిన ఆకర్షణను ఆధారం చేసుకొని స్టూడియో ఈ చిత్రాన్ని యువకుల వైపు గురిపెట్టింది. తాము అమ్మాయిల కోసం తీసిన చిత్రాన్ని అబ్బాయిలకు అమ్మారని కుసామా, కోడీ ఇద్దరూ తరువాతి కాలంలో పలు ఇంటర్వ్యూలలో చెప్పారు. హాన్స్ రాబర్ట్ యౌస్ ప్రతిపాదించిన ‘ఆకాంక్షా క్షితిజం’ అనే భావనను ఇక్కడ అన్వయిస్తే, ఆ క్షితిజాన్ని గీసింది పూర్వరచనల సంప్రదాయం కాదు, గోడపత్రికలూ ట్రైలరూ. శృంగారాన్ని ఆశించి వచ్చిన యువకుడికి తన వయసు యువకుల పేగులు కనిపించాయి. మరోవైపు, ఈ చిత్రానికి ‘ఆర్’ శ్రేణి ధ్రువీకరణ ఉన్నందున 17 ఏళ్ళలోపు వారిని పెద్దల తోడు లేకుండా థియేటర్లలోకి అనుమతించరు. ఇతివృత్తం ఎవరి గురించో ఆ బాలికలలో చాలామందికి తలుపు మూసి ఉందన్నమాట. 2009 నాటి తీర్పును ‘ప్రేక్షకుల తీర్పు’ అని స్థూలంగా చెప్పేటప్పుడు, ఆ ప్రేక్షకులలో లేనివారెవరన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

4. బలి సన్నివేశం - రసవిరోధం:

స్పందనల్లోని భేదమంతా ఒక సన్నివేశం చుట్టూ కేంద్రీకృతమై ఉంది. బలి జరిగిన తీరును జెన్నిఫర్ స్వయంగా నీడీకి చెబుతుంది. దీనికి ముందే స్నేహితురాళ్ళిద్దరి ముద్దు సన్నివేశం ఉంటుంది. ప్రచారం పొందినది ఈ ముద్దే. చిత్రంలో దానిని అనుసరించి వచ్చేది హత్యాకథనమన్నది ప్రచారం దాచిన విషయం. ఆ ముద్దును పురుషదృష్టికి వేసిన ఎరగా చూసినవారున్నారు. స్త్రీల మధ్య అనురాగానికి దక్కిన అరుదైన చోటుగా గుర్తించినవారూ ఉన్నారు. ఈ వాదం నేటికీ తెగలేదు.

వ్యానులో కూర్చున్న జెన్నిఫర్ తనపై అత్యాచారం జరగబోతుందని భయపడుతుంది. తాను కన్యనని చెబితే వదిలేస్తారని అబద్ధమాడుతుంది. అంతకుముందు మద్యశాలలో నీడీ కూడా స్నేహితురాలి పరువు కాపాడాలని ఇదే అబద్ధాన్ని ఆ బృందానికి చెప్పి ఉంటుంది. ఒక స్త్రీ ఆత్మరక్షణకూ, మరొక స్త్రీ స్నేహధర్మానికీ ఆడిన అబద్ధాలే ఆమెను బలిపశువును చేస్తాయి. ఈ నిర్మాణంలోని క్రూరమైన వైపరీత్యం 2009 సమీక్షల్లో రావలసినంతగా చర్చకు రాలేదు. జలపాతం దగ్గర ఆమెను కట్టిపడేసి పొడుస్తూ ఆ యువకులు జెన్నీ అనే పేరున్న 1980ల నాటి ప్రసిద్ధ గీతాన్ని కోరస్‌గా పాడతారు, నవ్వుతారు.

ఇది హాస్యమా, కరుణమా? ధ్వన్యాలోకం మూడవ ఉద్ద్యోతంలో ఆనందవర్ధనుడు విరోధి రసాలు కలిసి ఉండడానికి మార్గాలు సూచించాడు. ఒకే ఆశ్రయంలో ఇమడని రసాలను భిన్న ఆశ్రయాలలో ఉంచవచ్చు. వెంటవెంటనే వస్తే పొసగని రసాల మధ్య మూడవ రసాన్ని నిలపవచ్చు. తెలుగు ప్రేక్షకులకు పరిచితమైన హారర్ కామెడీలలో ఈ వ్యవధానం కథాభాగాల విభజన రూపంలో కనిపిస్తుంది. రాఘవ లారెన్స్ ‘కాంచన’ (2011)లో నవ్వులు ముందు పంచి, దయ్యానికి జరిగిన అన్యాయాన్ని ఫ్లాష్‌బ్యాక్‌లో వేరుగా చెబుతారు. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో హంతకుల నవ్వు ప్రేక్షకుడి నవ్వు కాదు. అందువల్ల కరుణకు భంగం లేదు.

కుసామా ఆ వ్యవధానాన్ని నిరాకరించింది. ఆశ్రయభేదాన్ని మాత్రమే పాటించింది. హాస్యానికి ఆశ్రయం బృందం, భయానికి జెన్నిఫర్, శోకానికి కథ వింటున్న నీడీ. అన్నీ ఒకే దృశ్యంలో ఉన్నాయి. ప్రేక్షకుడు ఏ ఆశ్రయం దగ్గర నిలబడితే ఆ రసమే అతనికి అందుతుంది. ఇక్కడ శాస్త్రం చెప్పిన సహృదయుడు ఒకడు కాదు. పాటకు నవ్వినవాడికీ, వ్యాను తలుపు మూసుకున్నప్పుడే గుండె ఆగినంత పనైన అమ్మాయికీ కనిపించింది ఒకే బింబం. సహృదయత్వాన్ని కాలానికీ లింగానికీ అతీతమైన సంస్కారంగా భావించే మన బోధనాపద్ధతికి ఈ సన్నివేశం ఒక ఇబ్బందికరమైన ప్రశ్న.

5. 2017 తరువాత:

2006లో టరానా బర్క్ వాడుకలోకి తెచ్చిన ‘మీ టూ’ అనే మాట 2017 అక్టోబరులో హాలీవుడ్ నిర్మాత హార్వీ వైన్‌స్టీన్‌పై వెలువడిన కథనాల తరువాత ఉద్యమరూపం దాల్చింది. తమ కీర్తి కోసం ఒక అమ్మాయి దేహాన్ని బలి ఇచ్చిన పేరున్న పురుషులు, వారిని ఆరాధించే పట్టణం అనే ఇతివృత్తం అప్పుడు కొత్తగా అర్థమైంది. 2018 నుండి ఈ చిత్రాన్ని స్త్రీవాద దృష్టితో పునర్మూల్యాంకనం చేసిన వ్యాసాలు వరుసగా వెలువడ్డాయి. 2009లో థియేటర్‌కు పోలేని వయసులో ఉండి, ఇంట్లో డీవీడీల మీద ఈ చిత్రాన్ని చూసి పెరిగిన తరం అప్పటికి రాసే వయసుకు వచ్చింది. ఉద్యమం ఒక్కటే కాక ఈ తరం ఎదుగుదల కూడా పునర్మూల్యాంకనానికి కారణమని భావించడం సమంజసం.

అయితే ఈ రెండవ ఆదరణనూ విమర్శ లేకుండా స్వీకరించలేం. కొత్త పఠనాలలో కొన్ని జెన్నిఫర్‌ను పురుషాధిపత్యంపై పగతీర్చుకున్న నాయికగా నిలబెట్టాయి. పాఠం దీనికి సహకరించదు. ఆమె తనను చంపినవారి జోలికే పోదు. ఆమె తిన్నది మిత్రుడి మరణానికి ఏడుస్తున్న జోనస్‌ను, కవితాత్మక స్వభావం గల కోలిన్‌ను, నీడీ ప్రేమించిన చిప్‌ను. అందరికన్నా ముందు తిన్నది భారతదేశం నుండి చదువుకోడానికి వచ్చిన అహ్మెత్ అనే విద్యార్థిని. అగ్నిప్రమాదం నుండి అతడు బయటపడ్డాడన్న సంగతి ఎవరికీ తెలియదు కనుక అతని కోసం వెతికేవారూ లేరు. మరణాలను పాటగా మార్చుకున్న ఆ పట్టణంలో పరదేశి మరణానికి లెక్క లేదన్నది చిత్రం చేసిన వ్యంగ్యమా, చిత్రమే చేసిన అలక్ష్యమా అన్నది తేల్చడం కష్టం. పునర్మూల్యాంకనం చేసినవారు కూడా ఆ బాలుడి ఊసు అంతగా ఎత్తకపోవడం మాత్రం గమనార్హం. 2009 ప్రేక్షకుడు జెన్నిఫర్ భయాన్ని చూడలేదనే ఆక్షేపణ సబబే. ఆమె చేతిలో చచ్చినవారి భయాన్ని తరువాతి పాఠకులు చూడకపోతే అదే లోపం దిశ మార్చుకున్నట్లవుతుంది.

పగ తీర్చుకునేది నీడీ. జెన్నిఫర్‌ను చంపే ప్రయత్నంలో ఆమె కాటుకు గురై, కొంత పిశాచశక్తిని పొందిన నీడీ మానసిక చికిత్సాలయం నుండి తప్పించుకొని సంగీత బృందాన్ని వెతుక్కుంటూ పోతుంది. ఆ సంహారం కథాగమనంలో సన్నివేశంగా రాదు. ముగింపు పేర్లు పడుతుండగా, హోటల్ గదిలోని వేడుకల దృశ్యాలూ, ఆ తరువాతి నెత్తుటి ఫొటోలూ హోల్ బృందం పాట నేపథ్యంలో తునకలుగా వచ్చిపోతాయి. సాధారణంగా ప్రేక్షకులు లేచి తలుపుల వైపు నడిచే సమయం అది.