ఇళ్లున్నాయి, ఊరే లేదు

ఎన్ని గండాలు గట్టెక్కిన ఊరు వెనిస్! 1630లో ప్లేగు వచ్చి ఇంచుమించు మూడోవంతు జనాన్ని మట్టిలో కలిపేసింది. 1797 మే 12న, నెపోలియన్ సేనల బెదిరింపుకు తలవంచి, వెయ్యేళ్లు వెలిగిన గణతంత్రం తనను తానే రద్దు చేసుకుంది. 1966 నవంబరు 4న సముద్రం 194 సెంటీమీటర్లు పొంగి కింది అంతస్తులను ముంచేసింది. అన్నిటినీ ఓర్చుకుని బతికి బట్టకట్టిన ఆ ఊరు, చివరికి అద్దె ఒప్పందాల దగ్గర ఓడిపోయింది.

1951లో దీవి మీది పాత నగరంలో సుమారు 1,75,000 మంది ఉండేవారు. మొదట్లో వెళ్లిపోయినవాళ్లకు వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. ఇక్కడ గోడలు చెమ్మెక్కిపోయాయి. వంతెన దాటి అవతలి నేల మీదికెళ్తే మెస్త్రేలో కొత్త ఇళ్లు, మార్గేరా ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలు. ఎక్కడైనా జరిగే వలసే అది. కానీ ఏ ఊళ్లోనైనా ఒక కుటుంబం ఖాళీ చేస్తే ఇంకో కుటుంబం దిగుతుంది. రానురాను వెనిస్‌లో అది ఆగిపోయింది. ఖాళీ అయిన ఇళ్లు యాత్రికుల బసలైపోయాయి.

దీనికి దారి వేసింది చట్టాలే. ఇటలీలో మామూలుగా ఇల్లు అద్దెకిస్తే ఒప్పందం నాలుగేళ్లు, ఆపైన మరో నాలుగేళ్లు. అదే 30 రోజులు మించని అద్దె అయితే ఒప్పందాన్ని రిజిస్టరు చేయించే పనే లేదు. 2017 నుంచి ఆ ఆదాయం మీద 21 శాతం పన్ను కట్టేసి ఊరుకునే వీలు కూడా వచ్చింది. ఒక కుటుంబం నెలంతా కష్టపడి కట్టే అద్దె, యాత్రికుల నుంచి కొద్ది రాత్రుల్లోనే వచ్చేస్తుంది. ఇంటివాళ్లు ఎటు మొగ్గుతారు? గడువు తీరగానే, ఇక పొడిగించేది లేదని చెప్పేశారు. చాలావరకు సామాన్లు వీధిలో పడేయాల్సిన పని రాలేదు, గొడవలు జరగలేదు. ఒక్కో మేడ మీద ఒక్కో ఇంటి దీపం ఆరిపోయింది. పిల్లలు తగ్గితే బడి నిలవదు. వంట చేసుకునేవాళ్లు తగ్గితే మాంసం కొట్టు, కూరల కొట్టు నిలవవు. వాటి చోట ముఖానికి పెట్టుకునే మాస్కులు, గాజు బొమ్మలు అమ్మే దుకాణాలు వచ్చాయి.

రియాల్టో వంతెన దగ్గర, సాన్ బర్తొలొమియో కూడలిలో ఒక మందుల షాపు ఉంది. దాని అద్దాల కిటికీలో 2008 నుంచి ఒక ఎలక్ట్రానిక్ బోర్డు వెలుగుతోంది. ఊళ్లో ఇంకా ఎంతమంది మిగిలారో అది చూపిస్తుంది. ఆ అంకె 60,000 కిందికి పడిన 2009లో, నవంబరు 14న, స్థానికులు తమ ఊరికి తామే శవయాత్ర చేశారు. శవపేటికను పడవకెక్కించి, గ్రాండ్ కెనాల్ మీదుగా మునిసిపల్ భవనం దాకా తీసుకెళ్లారు. పాలకులకు అంతకన్నా గట్టిగా ఎవరు చెప్పగలరు?

అయినా 13 ఏళ్లు గడిచాయి. 2022లో ఇటలీ పార్లమెంటు వెనిస్ నగరపాలక సంస్థకు ప్రత్యేక అధికారం ఇచ్చింది. ఏడాదికి 120 రోజులు మించి యాత్రికులకు అద్దెకిచ్చే ఇళ్ల మీద ఆంక్షలు పెట్టవచ్చంది. అదే ఏడాది బోర్డు మీది అంకె 50,000 దిగువకు వచ్చేసింది. అధికారం చేతికొచ్చినా నగరపాలక సంస్థ వెంటనే కదలలేదు. 2023లో యాత్రికుల పడకల సంఖ్య స్థానికుల సంఖ్యను దాటిపోయిందని ఊరి గృహ ఉద్యమకారులు లెక్క తేల్చారు. 2024లో 5 యూరోల ప్రవేశ రుసుము పెట్టారు. అదీ పగలు వచ్చి పోయేవాళ్లకే. రాత్రి బస చేసేవాళ్లకు మినహాయింపు. ఇళ్లను మింగుతున్న రాత్రి బస జోలికి అది పోనే లేదు.

ఎందుకిలా జరిగింది? నగరపాలక సంస్థ పరిధిలో సుమారు 2,50,000 మంది ఉంటే, అందులో ఎక్కువమంది వంతెన అవతలి నేల మీదివాళ్లు. దీవి మీదివాళ్ల ఓట్లు ఐదోవంతు కూడా లేవు. ఇల్లు పోయినవాళ్లతో పాటే వాళ్ల గొంతూ ఊరు దాటిపోయింది. అదే బార్సిలోనాలో అయితే, మేయర్ జౌమే కోల్‌బోని 10,101 టూరిస్టు ఫ్లాట్ల లైసెన్సులను 2028 నవంబరు తర్వాత కొనసాగించబోమని 2024లో ప్రకటించారు. అద్దెలు భరించలేమని వీధుల్లోకి వచ్చి అడిగేవాళ్లు అక్కడ ఇంకా ఊళ్లోనే ఉన్నారు. వెనిస్ పతనం చెప్పే పాఠం ఇదే. అద్దెలకు హద్దు గీయాల్సింది, గీయమని అడిగే జనం ఊళ్లో ఉన్నప్పుడే. వాళ్లు వెళ్లిపోయాక ఎంత మంచి చట్టం చేసినా, అది కాపాడేది ఇళ్లనే, ఊరిని కాదు.