దొరకని హంతకుల లెక్క

హత్య జరిగితే హంతకుడు దొరుకుతాడా లేదా అన్నదానికి అమెరికాలో చాలాకాలం జవాబు ఒకే అంకె: తేలిన హత్యల శాతం. 1930 నుంచి ఎఫ్‌బీఐ దేశవ్యాప్తంగా పోలీసుల నేరాల లెక్కలు సేకరిస్తోంది. నిందితుణ్ని అరెస్టు చేసి కేసు పెడితే ఆ హత్య 'తేలినట్టు'. అరెస్టుకు ముందే నిందితుడు చనిపోయినా తేలినట్టే. కోర్టులో శిక్ష పడిందా, కొట్టేశారా అన్నది ఈ లెక్కకు పట్టదు.

1960ల్లో మొదలైన ఎఫ్‌బీఐ అనుబంధ హత్యా నివేదికలు 1976 నాటికి ఒక్కో హత్య వివరాలనూ విడివిడిగా ఇచ్చాయి: హతుల వయసు, లింగం, జాతి, వాడిన ఆయుధం, చంపినవాడితో ఉన్న సంబంధం. చంపిందెవరో తేలకపోతే ఆ గడిలో 'తెలియదు' అని పడుతుంది. పరిశోధకులకు అసలు సరుకు అక్కడే దొరికింది.

1960ల మొదట్లో పదింట తొమ్మిదికి పైగా హత్యలు తేలేవి. 1990ల్లో అది సుమారు మూడింట రెండు వంతులకు, 2020లో దాదాపు సగానికి పడిపోయింది. తెలిసినవాళ్ల తగాదాలు తగ్గి, వీధి కాల్పులు పెరగడమే కారణమన్నారు చాలామంది. అది సగం నిజమే. పరిశోధకులు వెల్‌ఫోర్డ్, క్రోనిన్ నాలుగు నగరాల్లోని 798 హత్యల ఫైళ్లు తిరగేసి 1999లో వేరే సంగతి చెప్పారు: డిటెక్టివులు ఎంత త్వరగా చేరుకున్నారు, ఎందరిని పంపారు అన్నవి కూడా ఫలితాన్ని మారుస్తాయి. అంటే తేలకపోవడం హతుల తలరాత మాత్రమే కాదు, పోలీసుశాఖ పనితీరు కూడా.

పాత్రికేయుడు థామస్ హార్‌గ్రోవ్ అనుబంధ హత్యా నివేదికలను ఊరు, లింగం, చంపిన తీరును బట్టి కంప్యూటర్‌తో గుంపులు కట్టించాడు. ఇండియానాలోని గ్యారీ ప్రాంతంలో గొంతు నులిమి చంపిన స్త్రీల కేసులు తేలకుండా పేరుకుపోయాయని గమనించి, 2010లో అక్కడి పోలీసులకు రాశాడు. వాళ్లు పట్టించుకోలేదు. 2014లో పక్క ఊరు హామండ్‌లో ఒక హత్య కేసులో దొరికినవాడు, తర్వాత ఏడుగురు స్త్రీలను చంపినట్టు ఒప్పుకున్నాడు. ఆ ఏడుగురూ హార్‌గ్రోవ్ రాసిన ఉత్తరం వెళ్లిన తర్వాత ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లే. ఈ సంగతి చదివినప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది.

2015లో హార్‌గ్రోవ్ మర్డర్ అకౌంటబిలిటీ ప్రాజెక్ట్ స్థాపించాడు. లెక్కలు పంపడం పోలీసుల ఇష్టంపైనే నడిచే దేశంలో చాలా హత్యలు ఎఫ్‌బీఐ దాకా చేరవు. 2021లో ఎఫ్‌బీఐ కొత్త నమోదు పద్ధతికి మారినప్పుడు న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ లాంటి మహానగరాల లెక్కలే అందలేదు. అలా చేరని హత్యల వివరాలను ఈ సంస్థ సమాచార చట్టాల కింద రాష్ట్రాల నుంచి రాబట్టి జాబితాలో చేరుస్తోంది.