దీవులలో పుట్టు కణితులు

కృష్ణ పాయలకును సముద్రమునకును నడుమనున్న సీమకు దివిసీమ యని పేరు. దివి యనగా దీవి. ఇట్టి దీవులు మన కడుపులో గూడ నున్నవన్నచో మోపిదేవి రైతు నవ్వవచ్చును. కాని యది నిజమే. జీర్ణాశయము వెనుకనున్న క్లోమగ్రంథిలో, జీర్ణరసమును తయారుచేయు కణముల మధ్య, వేరొక జాతి కణములు చిన్న గుంపులుగా నుండును. 1869లో పాల్ లాంగర్‌హాన్స్ అను ఇరువదియొక యేండ్ల విద్యార్థి బెర్లినులో వీనిని మొదట వర్ణించెను. వాని పని యేమో యతనికి తెలియదు. అవి ఇన్సులిన్ మొదలగు హార్మోనులను రక్తములోనికి విడుచునని తరువాతివారు కనుగొనిరి.

ఈ జాతి లక్షణములు గల కణితులను నాడీ వినాళ కణితులందురు. 1902లో నికల్స్ అను వైద్యుడు క్లోమదీవులలోని యొక కణితిని వర్ణించెను. 1907లో మ్యూనిక్‌లో ఓబర్న్‌డోర్ఫర్, చిన్నప్రేగులో కనబడిన ఇట్టి కణితులకు ‘కార్సినాయిడ్’ అని పేరిడెను. క్యాన్సరును పోలినదే కాని యంత చెడ్డది కాదని దాని భావము. అయితే 1927లో అమెరికాలోని మేయో వైద్యశాలవారు, ఇన్సులినును విడుచు క్లోమకణితి కాలేయమునకు ప్రాకిన రోగిని గూర్చి ప్రకటించిరి. 1929లో ఓబర్న్‌డోర్ఫర్ తానే తన కణితులలో కొన్ని ప్రాణాంతకములు కాగలవని యొప్పుకొనెను. ఏది యేండ్ల తరబడి నెమ్మదిగా నుండును? ఏది నెలలలో ప్రాణము తీయును? రోగి యడుగు ఈ ప్రశ్నకు పేరు జవాబు చెప్పలేకపోయెను.

మన రైతు నారు పోయుటకు ముందు వంద గింజలను తడిగుడ్డలో మూటగట్టి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించును. కణితికి గూడ నిట్టి లెక్కయే కావలసివచ్చెను. 1983లో జర్మనీలోని కీల్ నగరమున గెర్డెస్, అతని సహచరులు, విభజన మార్గములోనున్న కణములను మాత్రమే గుర్తించు ప్రతిరక్షకమును కనుగొని దానికి ‘కీ-67’ అని పేరు పెట్టిరి. ‘కీ’ ఆ యూరి పేరునుండి వచ్చినది. 67 ప్రయోగపు పళ్లెములోని సంఖ్య.

2006లో ఐరోపా నిపుణులు ఈ లెక్కపై మూడు తరగతుల నేర్పరచిరి. 2010లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వానిని స్వీకరించెను. నూటికి 2 కణముల వరకు రంగు పట్టినచో మొదటి తరగతి. 3 నుండి 20 వరకు రెండవది. 20 మించినచో మూడవది. తరగతి పెరిగిన కొలది రోగి ఆయుర్దాయము తగ్గుచున్నట్లు తేలెను. మరి 2.5 వచ్చిన రోగి మాట యేమి? 2017లో ‘3కు లోపల మొదటిది’ అని సవరించి ఈ సందేహమును తీర్చిరి.

కాని మొలకల లెక్క యొక్కటే చాలునా? నారుమడిలో ఊద గూడ వరివలెనే మొలచును. ఎన్ని మొలచినవని గాక, ఏమి మొలచినదని చూడవలెను. 2013లో ఉత్తర ఐరోపా దేశములవారు జీర్ణమండలపు నాడీ వినాళ క్యాన్సరు గల 305 మందిని పరిశీలించిరి. అందరును 20 శాతము మించినవారే. అయినను 55 శాతమునకు లోపలివారిలో ప్లాటినము మందులకు కణితి తగ్గినది నూటికి 15 మందికే. పైవారిలో 42 మందికి. మందు తక్కువ పనిచేసిన మొదటివారే ఎక్కువకాలము బ్రదికిరి: మధ్యస్థముగా 14 నెలలు, రెండవవారు 10 నెలలు. ఒకే తరగతిలో రెండు వ్యాధులు దాగియుండెనన్నమాట.

అందుచే 2017లో క్లోమకణితుల మూడవ తరగతిని చీల్చిరి. వేగముగా పెరిగినను కణముల అమరిక చెడనివి యొకవైపు, అమరిక పూర్తిగా చెడిన క్యాన్సరులు వేరొకవైపు. 2019లో ఈ విభజన జీర్ణమండలమంతటికిని వర్తించెను. చికిత్స గూడ వేర్వేరు. కనుక 2017కు పూర్వపు నివేదికలో ‘మూడవ తరగతి’ యని యున్నచో, ఆ కణిజాలమును మరల పరీక్షింపించుట మంచిది.

తరగతి వేరు, వ్యాధి యెంతదూరము ప్రాకినదో తెలుపు దశ వేరు. రోగి బంధువులు వైద్యుని వద్ద శాతమెంత, అమరిక యెట్లున్నది, ఎక్కడెక్కడికి ప్రాకినది అను మూడింటిని అడిగి తెలిసికొనవలెను. ఈ అంకెలు వందలమంది రోగులనుండి తీసినవి. ఒక్క రోగి యెన్ని దినములు బ్రదుకునో అవి చెప్పజాలవు.