గళ్ల కాగితం నుంచి ఫోను తెర దాకా: షోలాపూర్ జకార్డు, పాత పాత్రల ఆటలు

మహారాష్ట్ర ఆగ్నేయపు అంచున, కర్ణాటక సరిహద్దుకు చేరువలో ఉన్న షోలాపూర్ నగరంలో తూర్పు భాగం ప్రధానంగా తెలుగు పద్మశాలీల నివాసం; సాఖర్ పేట, కన్నా చౌక్, అశోక్ చౌక్, దత్తనగర్, నీలంనగర్ వంటి వాడల్లో ఇంట తెలుగు, బడిలో మరాఠీ, బజారులో ఆ రెంటితో పాటు కన్నడమూ హిందీయూ వినిపిస్తాయి. వీరి పూర్వులు నాటి నిజాం రాజ్యంలోని తెలంగాణ పల్లెల నుంచి, ముఖ్యంగా కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి, విడతలు విడతలుగా వలస వచ్చినవారు. బొంబాయి రైలు 1860లో షోలాపూర్ చేరింది. 1876-78 నాటి క్షామం దక్కను పల్లెల్లో మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలను ఊళ్లు విడిపించింది. 1877లో నగరంలో తొలి నూలు మిల్లు, జనం నోట ‘జూనీ గిర్ణీ’గా, అంటే పాత మిల్లుగా, నిలిచిపోయినది, మొదలైంది. నూలు, రైలు, బేరగాళ్లు మూడూ ఒక్కచోట దొరకడంతో నేతగాళ్లు అక్కడే స్థిరపడి, మొదట తొమ్మిది గజాల చీరలు చేమగ్గాల మీద నేశారు. ఇరవయ్యో శతాబ్దం రెండో సగానికి మరమగ్గాల కార్ఖానాలు పెరిగి, చీర స్థానాన్ని చద్దరు, తువ్వాలు ఆక్రమించాయి. 2005-06లో భౌగోళిక గుర్తింపు పొందిన షోలాపురి చద్దరును చద్దరుగా నిలబెట్టినది దాని మీది బొమ్మ. ఆ బొమ్మను నేతలోకి దించినది మగ్గం మీద అమర్చే జకార్డు పరికరం.

ఆ జకార్డు కథ నేతతో ముగిసిపోలేదు. దాని రెండో శాఖ గణన యంత్రాల వైపు సాగి, కంప్యూటరు ఆటలను పుట్టించి, నేడు నేతపేటల్లోని ఫోన్లతో సహా ప్రతి ఫోనులోనూ ఉంది. ఆ ఆటల్లో జకార్డు పోలిక అన్నిటికంటే స్పష్టంగా కనిపించేవి పాత రోల్ ప్లేయింగ్ గేములు, క్లుప్తంగా ఆర్‌పీజీలు. వీటిని తెలుగులో పాత్రల ఆటలు అనుకోవచ్చు. ఆడేవారు కథలోని ఒక వీరుడిని, లేదా ఒక చిన్న బృందాన్ని, తమదిగా తీసుకొని, వారి పేర్లు, ఆయుధాలు, విద్యలు తామే ఎంచుకుంటూ, ఊరూరా తిరిగి మనుషులతో మాట్లాడుతూ, శత్రువులతో వంతులవారీగా పోరాడుతూ, గెలిచిన కొద్దీ బలం పెంచుకుంటూ కథను కొసదాకా నడిపిస్తారు. 1980లలోనూ 1990లలోనూ ఇళ్లలోని టీవీలకు తగిలించే యంత్రాల కోసం, తొలి కంప్యూటర్ల కోసం తయారైన ఇటువంటి ఆటలను ఇప్పుడు ఫోన్లలో మళ్లీ ఆడుతున్నారు.

జకార్డు పనిని దగ్గరగా చూస్తే గానీ ఈ బంధుత్వం తేలదు. చద్దరు మీద నెమలి రావాలంటే డిజైను గీసేవాడు మొదట దానిని గ్రాఫు కాగితం మీద, అంటే సన్నని గళ్లు గీసి ఉన్న కాగితం మీద, గడి గడికీ రంగు నింపుతూ వేస్తాడు. నిలువు గళ్ల వరుస ఒక్కొక్కటి పడుగు పోగుకు, అంటే మగ్గం మీద నిడివిగా సాగిన దారానికి, గుర్తు. అడ్డు వరుస పేకకు, అంటే నాడె అటూ ఇటూ తీసుకెళ్లే దారానికి, గుర్తు. గడికి సగం రంగు వేయడం కుదరదు కనుక నెమలి మెడ వంపు మెట్లు మెట్లుగా దిగుతుంది. ఆ మెట్లు కంటికి వంపుగానే కనిపించేలా ఏ గడి నింపాలో, ఏ గడి వదలాలో తేల్చుకోవడంలోనే గీసేవాడి నేర్పంతా ఉంది. తరువాత గ్రాఫులోని ఒక్కొక్క అడ్డు వరుసను చూసుకుంటూ మందపాటి అట్టలకు రంధ్రాలు కొడతారు; పేకలో రంగులు ఎక్కువైతే రంగుకో అట్ట కావాలి. రంధ్రం ఉన్నచోట జకార్డు సూది లోపలికి పోతుంది, దానికి తగిలిన హుక్కు పైకి లేచి పడుగును ఎత్తుతుంది. రంధ్రం లేనిచోట హుక్కు పక్కకు నెట్టబడి పోగు కిందనే ఉండిపోతుంది. అట్టలకు వరుస సంఖ్యలు వేసి, దారంతో గొలుసుగా కుట్టి, మగ్గం పైన వేలాడదీస్తారు. ఒక్క అట్ట తారుమారైతే ఆ తప్పు డిజైను తిరిగి వచ్చిన ప్రతిసారీ గుడ్డ మీద కనిపిస్తుంది.

ఫ్రాన్సులోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డు 1804లో రూపుదిద్దిన ఈ పద్ధతిలో అట్ట చెప్పగలిగినవి రెండే మాటలు: ఎత్తు, ఎత్తకు. ఆ రెండు మాటలతో ఎంత పెద్ద బొమ్మనైనా చెప్పవచ్చునని లియోన్‌లో పట్టు మీద నేసిన జకార్డు చిత్రపటం రుజువు చేసింది. దానికి 24,000 అట్టలు పట్టాయి. ఆ పటాన్ని సంపాదించి తన ఇంట ఉంచుకున్న ఆంగ్ల గణితవేత్త చార్లెస్ బాబేజ్, తాను ఊహించిన గణన యంత్రానికి లెక్కలూ ఆజ్ఞలూ అట్టల ద్వారానే అందించాలని తలపెట్టాడు. ఆ యంత్రంపై 1843లో వివరణలు రాసిన ఆడా లవ్‌లేస్ దానిని పూలూ ఆకులూ నేసే జకార్డు మగ్గంతోనే పోల్చింది. యంత్రం పూర్తి కాలేదు గాని ఆలోచన నిలిచింది: 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ రంధ్రాల అట్టలతో తేల్చాడు, ఆ దారిలోనే ఇరవయ్యో శతాబ్దపు కంప్యూటర్లు వచ్చాయి. ఇక్కడ ఒక విషయాన్ని ప్రస్తావించకుండా సాగడం న్యాయం కాదు. 1969లో మనుషులను చంద్రుడి మీద దింపిన అపోలో నౌకలోని కంప్యూటరు జ్ఞాపకశక్తిని అమెరికాలోని వాల్తమ్ కార్ఖానాలో స్త్రీలు చేత్తో నేశారు. వారిలో బట్టల మిల్లుల్లో పనిచేసి వచ్చినవారూ ఉన్నారు. సన్నని తీగ చిన్న అయస్కాంతపు ఉంగరం లోపలి నుంచి పోతే ఒకటి, బయటి నుంచి పోతే సున్నా. నేతగాళ్ల చేతిపని లేకుండా కంప్యూటరు చరిత్రను రాయడం అసంపూర్ణమని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పాత్రల ఆటలు మొదట యంత్రంతో పని లేకుండానే పుట్టాయి. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ వెలువరించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడేది. ఒకరు కథ చెప్పేవారు, తక్కినవారు తమ తమ పాత్రల తరఫున ఏం చేస్తారో చెప్పేవారు, నేలమాళిగల దారులను గ్రాఫు కాగితం మీద గీసుకునేవారు. మరుసటి ఏడాదికే ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ‘ప్లేటో’ కంప్యూటరు మీద విద్యార్థులు దీనిని అనుకరిస్తూ ఆటలు రాశారు. 1981లో వచ్చిన ‘విజార్డ్రీ’లో పది అంతస్తుల నేలమాళిగ, ఒక్కో అంతస్తు నిలువుకు 20, అడ్డానికి 20 గళ్లు, తెర మీద దారి పటం ఉండేది కాదు కనుక ఆడేవారు గ్రాఫు కాగితం పక్కన పెట్టుకొని అడుగు అడుగూ గుర్తు వేసుకోవలసి వచ్చేది. షోలాపూర్‌లో డిజైను గీసేవాడి ముందున్నదీ, అమెరికా కుర్రవాడి ముందున్నదీ ఒకే రకం కాగితం.

జపానులో ఈ ఆటలు అందరి ఇళ్లకూ చేరాయి. యూజీ హోరీ రూపొందించిన ‘డ్రాగన్ క్వెస్ట్’ 1986 మేలోనూ, ‘ఫైనల్ ఫాంటసీ’ 1987 డిసెంబరులోనూ నింటెండో వారి ఫామికామ్ యంత్రం మీద వచ్చాయి. ఆ యంత్రం తెర మీద బొమ్మ పిక్సెళ్లతో, అంటే ఒక్కొక్కటి ఒకే రంగు పట్టే అతి చిన్న గళ్లతో, తయారవుతుంది. నిలువుకు ఎనిమిది, అడ్డానికి ఎనిమిది గళ్ల ముక్కలను అతికించి ఊళ్లను, అడవులను, వీరులను కూర్చేవారు. నడిచే వీరుడికి నాలుగు ముక్కలు, వెరసి 256 గళ్లు. రంగులు మూడు, నాలుగోది వెనకటి దృశ్యం కనబడనిచ్చే ఖాళీ. ‘ఫైనల్ ఫాంటసీ’ వీరులను ఈ ఇరుకులో గీసిన కాజుకో షిబుయా జుట్టుకూ, చర్మానికీ, బట్టకూ ఆ మూడు రంగులనే పంచుకోవలసి వచ్చింది. ఆమె పడిన పాటు జకార్డు డిజైను గీసేవారు ఎరిగినదే.

లెక్క వేసి చూస్తే ఈ దగ్గరతనం ఇంకా తేటపడుతుంది. ఒక్కో గడికి నాలుగు ఎంపికలు కనుక, ఆ వీరుడి బొమ్మలో గడికి రెండేసి చొప్పున 512 ‘ఎత్తు, ఎత్తకు’లు ఉంటాయి. నాలుగు వందల హుక్కుల జకార్డులో ఒక అట్ట మీద అటువంటివి 400 పడతాయి కనుక, వీరుడు ఒకటిన్నర అట్టలోపే ఇమిడిపోతాడు. మొత్తం 64 కిలోబైట్ల ‘డ్రాగన్ క్వెస్ట్’ను, అంటే రాజ్యాన్నీ రాక్షసులనూ పాటలనూ మాటలనూ కలిపి, అట్టలకు ఎక్కిస్తే సుమారు 1,310 అట్టలవుతాయి. పూర్తి నిడివి బొమ్మ ఉన్న నేతకు అట్టలు వేలలోకి పోవడం మామూలే. షోలాపూర్‌లో దేవుళ్ల, నాయకుల ముఖాలతో గోడకు తగిలించే నేతపటాలు చేసే పనివారి మగ్గం మీద వేలాడే గొలుసు, ఒక తరం జపాను పిల్లలను కట్టిపడేసిన ఆట కంటే చిన్నదేమీ కాదు.

ఫోనులోకి ఈ ఆటలు రావడానికి రెండు దశాబ్దాలు పట్టింది. 1997లో నోకియా ఫోనులో వచ్చిన పాము ఆట ఫోను మీద ఆడవచ్చునని ప్రపంచానికి చూపింది. జపాను ఫోన్లలో 2004 నాటికి ‘డ్రాగన్ క్వెస్ట్’, ‘ఫైనల్ ఫాంటసీ’ రెండూ దొరికాయి. తాకుతెర ఫోన్లు వచ్చాక 2010లో ‘ఫైనల్ ఫాంటసీ’, 2011లో ‘క్రోనో ట్రిగ్గర్’, 2012లో ఐప్యాడ్ మీద ‘బాల్డర్స్ గేట్’ కొత్త రూపాల్లో విడుదలయ్యాయి. బొత్తాలు పోయి వేలు వచ్చింది గాని ఆట నడక చెడలేదు. దానికి కారణం వంతులవారీగానో, కావలసినప్పుడు ఆపుకొంటూనో సాగే పోరు: ఆడేవారు నిర్ణయం చెప్పేదాకా శత్రువును ఆపి ఉంచవచ్చు, మధ్యలో పని పడితే ఫోను పక్కన పెట్టి మళ్లీ తీసుకోవచ్చు. వేగంతో పని ఉన్న పాత ఆటలు తాకుతెర మీద ఇబ్బంది పెడుతుండగా, పాత్రల ఆటలు పని గంటల నడుమ విరామాలకు సరిపోయే కాలక్షేపంగా కుదురుకున్నాయి. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో రావడంతో ఇంటర్నెట్టు చవకై, సామాన్యుల ఫోన్లలో ఆటలకు తావు దొరికింది. అయితే ఆ తావును ఆక్రమించినవి వేరు: అదే ఏడాది వచ్చి, 2020 లాక్‌డౌన్‌లో ఇంటింటికీ పాకిన ‘లూడో కింగ్’, 2018లో వచ్చి 2020 సెప్టెంబరులో నిషేధానికి గురైన ‘పబ్జీ మొబైల్’.

పాత పాత్రల ఆటలు వెనకబడడానికి ప్రధాన కారణం భాష. లూడోకు చదువు అక్కరలేదు, తుపాకుల ఆటకు చదివే తీరిక ఉండదు. పాత్రల ఆటలో మాత్రం ప్రతి ఊరివాడూ చెప్పే మాట చదివితేనే దారి తెలుస్తుంది. 2021లో ఫోన్లకు కూడా విడుదలైన ‘ఫైనల్ ఫాంటసీ పిక్సెల్ రీమాస్టర్’ వరుసలో పాత గళ్ల వీరులను కాజుకో షిబుయానే మళ్లీ గీశారు. ఆ ఆటలు ఎన్నో యూరపు, ఆసియా భాషల్లో దొరుకుతున్నా భారతీయ భాష ఒక్కటీ వాటిలో లేదు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ గల నేతపేట పిల్లలకు ఈ తలుపు మూసే ఉంది. ఇది కొరతే గాని, ఆ పిల్లల లోపం కాదు.

నిజానికి ఇటువంటి కథ వారికి కొత్తదీ కాదు. పద్మశాలీల కులపురాణంలో మార్కండేయుడి హోమాగ్ని నుంచి పుట్టిన భావనారుషి తామరతూడు దారంతో దేవతలకు వస్త్రాలు నేస్తాడు, పులినెక్కి తిరుగుతాడు, రాక్షసుడితో తలపడతాడు. తెలంగాణలో ఈ కథను కూనపులివారు నిలువుగా విప్పే పొడవాటి బట్టపటం మీద, గడి తరువాత గడి చూపుతూ, పాత్ర పాత్రకూ గొంతు మారుస్తూ చెప్పేవారు. ఆ పటాలు గీసినవారు చేర్యాల నకాషీలు. షోలాపూర్‌లో ఏటా శ్రావణ పూర్ణిమనాడు మార్కండేయుడి రథోత్సవం పెద్దయెత్తున జరుగుతుంది. వీరుడు, వాహనం, శత్రువు, వరంగా దొరికిన దారం, వెళ్లవలసిన దూరం అన్నీ సమకూరి ఉన్న ఈ కథ పాత్రల ఆటకు ముడిసరుకుగా ఏ జపాను కథకూ తీసిపోదు. దానికి కావలసిన గళ్ల బొమ్మలు గీయగల చేతులూ ఆ పేటల్లోనే ఉన్నాయి.

ఆ చేతుల పని మాత్రం చెదిరిపోతోంది. కంప్యూటరు మీద డిజైను గీసి నేరుగా మగ్గానికి పంపే ఎలక్ట్రానిక్ జకార్డులు వచ్చిన కొద్దీ పాత గ్రాఫులకూ అట్టల గొలుసులకూ పని లేకుండా పోతుంది, పని లేని కాగితానికి తూకపు ధరే మిగులుతుంది. డబ్బూ మనుషులూ దండిగా ఉన్న జపాను ఆటల సంస్థలు కూడా ఇలాంటి నష్టాన్ని చవిచూశాయి: 2002 నాటి ‘కింగ్‌డమ్ హార్ట్స్’ అసలు సామగ్రి పోవడంతో, 2013లో దానిని కొత్త తెరలకు తేవడానికి ఎన్నో భాగాలను మళ్లీ తయారుచేసుకోవలసి వచ్చింది. షోలాపూర్ గ్రాఫులు పోతే మళ్లీ తయారుచేసేవారు ఉండరు. కాబట్టి కార్ఖానాల అటకల మీద ఉన్న పాత గ్రాఫు కాగితాలను, వాటి అట్టలను, గీసినవారి పేర్లతో, నేసిన ఏడాదితో సహా ఫోటోలు తీసి భద్రపరిచే పనిని పద్మశాలి సంఘాలు, నగరంలోని కళాశాలలు, యజమానులు కలిసి ఇప్పుడే చేపట్టాలి. ఫొటో తీయడానికి కావలసిన ఫోను ప్రతి ఇంట్లోనూ ఉంది.